అయనము – ఆకాశము – అనుష్ఠానము



మనము ఏ కర్మ నారంభించినను సంకల్పమున దేశకాలములను స్మరించుచున్నాము. అందు అయనమును, ఋతువును చెప్పుకొనుట కలదు. నోట పలుకు ఆ అయనము పైనున్న ఆకాశముతో సరిపోవుచున్నదా? నేడు మేము విచారింపదలచినది ఇదియే.

మొదట ఋతువులకు కారణమేమో తెలియవలెను. సూర్యుడు దగ్గరైన వేసవి, దూరమైన చలి యని పలువురి తలంపు. సూర్యుని ఆకర్షణమునకు లోబడి భూమి దీర్ఘవృత్తమున తిరుగుచున్నది. జనవరి మొదట సూర్యునికి సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరమునను, జూలై మొదట 15.2 కోట్ల కిలోమీటర్ల దూరమునను ఉండును. సూర్యుడు దగ్గరగా నున్న జనవరిలోనే మనకు చలి! కావున దూరము కారణము కాదు. భూమి యిరుసు 23.4 డిగ్రీలు వాలియుండుటయే కారణము. ఆ వాలు మిక్కిలి చెదరకుండ చంద్రుని ఆకర్షణము కాపాడుచున్నది. అది చెదరినచో వానకు వేళ యుండదు, నారుమడికి అదను ఉండదు. అన్నమునకు వర్షము, వర్షమునకు సూర్యగతి ఆధారము గదా!

అయితే ఆ వాలు మారకున్నను ఇరుసు చూపు దిక్కు మారుచున్నది. భూమి పూర్ణగోళము కాదు. నడుమ వ్యాసము ధ్రువముల వ్యాసముకంటె 43 కిలోమీటర్లు అధికము. ఆ ఉబ్బును సూర్యచంద్రులు లాగుచుండగా, తిరుగు బొంగరపు ములికివలె ఇరుసు మెల్లగా చుట్టుచున్నది. ఒక చుట్టునకు సుమారు 25,800 సంవత్సరములు. ఇదియే అయనచలనము. దీనివలన ఋతుసంవత్సరము నక్షత్ర సంవత్సరముకంటె సుమారు 20 నిమిషములు తక్కువ. 71 సంవత్సరములకు ఒక దినము భేదము వచ్చును.

సుమారు 1,700 సంవత్సరముల క్రిందట సూర్యుడు ఉత్తరమునకు మరలుటయు, మకరరాశిని ప్రవేశించుటయు ఒకే దినమున జరుగుచుండెను. నేడు సూర్యుడు మరలునది డిసెంబరు 21 లేక 22న. మకర సంక్రమణము జనవరి 14 లేక 15న.

ఇట్లనుట శాస్త్రవిరుద్ధమని కొందరు శంకింతురు. కాదు. 6వ శతాబ్దమున వరాహమిహిరాచార్యులే బృహత్సంహితలో పూర్వులు చెప్పిన అయనస్థానము తమ కాలమున మారినదని తెలిపి, ప్రత్యక్షముగా పరీక్షింపుమనిరి. భూమికి ఆకర్షణశక్తి కలదని 12వ శతాబ్దమున భాస్కరాచార్యులు చెప్పిరి. అయనచలనమునకు ఆకర్షణమే హేతువని గణితముతో నిరూపించినవాడు న్యూటను, 1687లో. ఎవరి కీర్తిని వారికిచ్చుట ధర్మము.

మరి మన కర్తవ్యమేమి? సంక్రాంతిని విడువవలసిన పనిలేదు. అది మకరరాశి ప్రవేశమునకు పర్వము. కాని ఆ దినముననే సూర్యుడు ఉత్తరమునకు తిరుగుచున్నాడని బిడ్డలకు చెప్పుట సత్యము కాదు. రెండును వేరని చెప్పవలెను. ఈ నడిమి 24 దినములలో సూర్యుడు ఉత్తరమునకు నడచుచుండగా సంకల్పమున దక్షిణాయనమని పలుకుచున్నాము. దీనిని ఇంటింట ఎవరికివారు మార్చుకొనుట తగదు. పండిత పరిషత్తులు కూడి నిర్ణయింపవలెను. జాప్యము మాత్రము తగదు. ఇట్లే సాగినచో 4,600 సంవత్సరములకు సంక్రాంతి వసంత విషువత్తు నాడు వచ్చును. అప్పటివారు మనలను ఏమందురు?

మా మాటను నమ్మవలెనని కోరుటలేదు. డిసెంబరు మొదటినుండి సంక్రాంతి వరకు ఆలయ ధ్వజస్తంభపు మధ్యాహ్నచ్ఛాయను నేలపై గుర్తింపుడు. ఆ నీడ డిసెంబరు 21 వరకు పెరిగి, పిదప తగ్గుచు, సంక్రాంతి నాటికి స్పష్టముగా కురుచయగును. పిల్లలచేత ఈ గుర్తులు పెట్టింపుడు. సూర్యభగవానుడు తన అయనమును తానే చెప్పును.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.