టచ్‌స్క్రీన్ ఫోను - తెలుగు అక్షరము

అనకాపల్లి బెల్లపు బజారులో నేడు రైతు చేతను, వర్తకుని చేతను టచ్‌స్క్రీన్ ఫోను కనిపించుచున్నది. దిమ్మల ధర ఎంత పలికినదో తెలుగులోనే వ్రాసి పొరుగూరికి పంపుకొనుచున్నారు. ఇందులో వింత యేమున్నదని పిన్నలు అడుగవచ్చును. వింత యున్నది. ఈ జాతి ఫోనులలో మన దేశమునకు మొదట వచ్చినది ముప్పదివేల రూపాయలకు దగ్గరి ధర పలికియు, 'అనకాపల్లి' అను పేరును చూపనేరకుండెను. అట్టి ఫోనులను గూర్చియు, వానికి వచ్చిన, రాకపోయిన సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను గూర్చియు ఈ ప్రసంగములో ముచ్చటించెదము.

2008 సెప్టెంబరు 23న న్యూయార్కు నగరములో టీ-మొబైల్ అను టెలిఫోను కంపెనీ 'జీ1' అను ఫోనును ప్రకటించెను. యంత్రమును చేసినది తైవాను దేశపు హెచ్‌టీసీ సంస్థ. లోపల పనిచేయు ఆండ్రాయిడ్ అను సాఫ్ట్‌వేర్ గూగుల్ వారిది. పైని ముద్ర టెలిఫోను కంపెనీది. రెండేండ్ల ఒప్పందముతో దాని ధర 179 డాలర్లు. వ్రేలు తాకగానే స్పందించు తెర యున్నను, దానిపై వ్రాయుటకు అక్షరముల పలక లేదు. తెరను జరిపి, దాని అడుగుననున్న మీటలను నొక్కవలసి యుండెను. 2009లో 1.5 అప్‌డేట్ వచ్చినది. దానితో తెరమీదనే అక్షరముల పలక వెలసెను; వీడియో తీయు శక్తియు అబ్బెను. కొన్నవాడు అంగడికి పోలేదు, యంత్రమును విప్పలేదు. కొత్త విద్య గాలిలో వచ్చి చేరెను. గాలిలో మాటలు పంపుటయే వృత్తిగా గల మాకు ఈ సంగతి మిగుల ప్రీతికరము, కొంత అసూయాకరము కూడ. మేమెంత ప్రసారము చేసినను శ్రోత యింటి రేడియో పెట్టె కొన్ననాడు ఎట్లున్నదో అట్లే యుండును గదా!

అదే 2009లో హెచ్‌టీసీ వారి 'మాజిక్' ఫోనును ఎయిర్‌టెల్ కంపెనీ మన దేశమున విక్రయమునకు పెట్టెను. భారతదేశములో ఆండ్రాయిడ్‌తో అమ్మకమునకు వచ్చిన తొలి ఫోను ఇదియే. 3.2 అంగుళముల తెర, 3.2 మెగాపిక్సెల్ కెమెరా, తెర క్రింద వ్రేలితో దొర్లించు చిన్న గోళీ దాని హంగులు. 3జీ తరంగముల నందుకొను సాధనమును లోపల ఉండెను. కాని ప్రైవేటు కంపెనీలకు 3జీ వేలము జరిగినది 2010లో; ఎయిర్‌టెల్ ఆ సేవను ప్రారంభించినది 2011 జనవరిలో. అంతవరకు ఆ చందాదారు గతుకుల బాటలో కొత్త కారు నడిపినట్లే.

గూగుల్ వారు అప్పట్లో ఒక్కొక్క అప్‌డేట్‌కు ఒక్కొక్క తీపి వంటకము పేరు పెట్టుచుండిరి. 1.5 కప్‌కేక్, 1.6 డోనట్, 2.3 జింజర్‌బ్రెడ్. బెల్లపు ఊరివారు హర్షింపదగిన ఆచారమే. కాని ఇన్ని తీపులలో తెలుగువాని విస్తరికి వచ్చినది లేదు.

కారణము వినుడు. 'అనకాపల్లి' అను పేరు కంప్యూటరు లెక్కలో తొమ్మిది సంకేతములు: అ, న, క, దానికి దీర్ఘము, ప, ల, పొల్లు, మరల ల, తుదకు గుడి. సాఫ్ట్‌వేర్ రెండవ లకారమును వత్తుగా మార్చి క్రిందికి దింపవలెను. చివర వచ్చిన గుడిని వెనుకకు గొనిపోయి మొదటి లకారము తలపై నిలుపవలెను. ఇంగ్లీషు అక్షరములు వరుసగా నిలుచుండును గనుక వానికి ఈ కూర్పు అక్కరలేదు. తెలుగు ఫాంటు లేని ఫోనులో ఈ పేరుకు బదులు ఖాళీ గళ్లు కనిపించెడివి. ఫాంటు ఉండియు కూర్పు తెలియనిచో పొల్లు ఒకచోట, గుడి ఒకచోట చెదరిపడెడివి. 'బెల్లము' అను మాటకును ఇదే గతి.

ఆ దినములలో ఒపెరా మినీ అను బ్రౌజరు ఒక ఉపాయము చూపినది. చిరునామా గడిలో ఒక సంకేత పదము కొట్టి, తెరచుకొన్న పట్టికలో ఒక్క ఎంపికను మార్చినచో, ఎక్కడనో యున్న సర్వరు తెలుగు అక్షరములను బొమ్మలుగా గీసి పంపెడిది. చదువుటకు చాలెను, వ్రాయుటకు పనికిరాలేదు.

2012లో వచ్చిన 4.1, అనగా జెల్లీ బీన్‌తో, తెలుగు, కన్నడ, మలయాళములకు ఆండ్రాయిడ్‌లో చోటు దొరకెను. మాజిక్ ఫోనుకు మాత్రము ఆ అప్‌డేట్ చేరలేదు. గూగుల్ సిద్ధపరచినదానిని చిప్పు చేసినవారు తమ చిప్పునకు అనువుగా సవరింపవలెను. ఫోను చేసినవారు తమ హంగులను జోడింపవలెను. పలుచోట్ల టెలిఫోను కంపెనీయు పరీక్షించి సమ్మతింపవలెను. మూడేండ్ల వెనుక అమ్మిన వస్తువు కొరకు ఇంత శ్రమ ఎవరు పడుదురు? పైగా దాని నిలువ స్థలము 512 మెగాబైట్లే. ఈ సమాధానము సగమే న్యాయమని మా అభిప్రాయము. స్థలము చాలదనుట 4.1 అంతటికిని చెల్లును. తెలుగు ఫాంటు ఒక్క మెగాబైటులో కొంత భాగమే. దానిని, కూర్పు నేర్పు భాగమును వేరుగా పంపియుండవచ్చును. కాని కొన్నవాడు ఎవరిని అడుగవలెను? అమ్మకము ఒకరిది, యంత్రము ఇంకొకరిది, సాఫ్ట్‌వేర్ వేరొకరిది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణము ఐఫోనులో గలదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరపు ఒకానొక కూర్పు సందేశముగా వచ్చినంతనే ఆ ఫోనులలోని యాప్‌లు కూలిపోజొచ్చెను. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమును మూర్ఛపుచ్చినదని పలువురు నవ్వుకొనిరి. అదే నెల 19న ఆపిల్ సంస్థ 11.2.6 అప్‌డేట్‌తో దానిని సరిదిద్దెను. యంత్రమును, సాఫ్ట్‌వేర్‌ను చేయువారు ఒక్కరే యగుటచే, ఏ టెలిఫోను కంపెనీ ద్వారా కొన్నవారికైనను ఆ దిద్దుబాటు ఒకేసారి అందెను.

టెలిఫోను కంపెనీ ముద్రతో ఫోను అమ్ముట తరువాతను సాగినది. 2021 దీపావళికి జియో కంపెనీ, గూగుల్‌తో కలిసి రూపొందించిన 'జియోఫోన్ నెక్స్ట్'ను 6,499 రూపాయలకు విపణిలో పెట్టెను. తెరమీది వ్రాతను భారతీయ భాషలలోనికి మార్చుట, బిగ్గరగా చదివి వినిపించుట దాని ప్రధాన గుణములుగా చాటిరి. దాని వెల 2009 నాటి మాజిక్ వెలలో నాలుగవ వంతు కూడ కాదు.