చేతినుండి చేతికి సాగు వ్రాత



మన పల్లెలలో దండోరా వేయుట మీరెల్లరు నెఱిగినదే. చాటింపు వేయువాడు కూడలిలో నిలిచి, తప్పెటపై నాలుగు దెబ్బలు కొట్టి, రెండు మాటలలో సంగతి చెప్పి, తరువాతి వీధికి పోవును. విన్న యిల్లాలు లోపలికి పోయి మగనికి చెప్పును; ఆతడు పొలములో ప్రక్క కమతము వానికి చెప్పును. చాటింపువాడు నడచినది నాలుగు వీధులే. మాట నడచినది ఊరంతయు. కచ్చేరీనుండి వచ్చిన తాఖీదును అతడు మొదటినుండి చివరవఱకు చదివెనా, రెండవ వీధి చేరులోపల వినువాడుండడు. ఈ కిటుకు తెలిసిన చాటింపువానికి, నేను నేడు చెప్పదలచిన విషయములో సగము తెలిసినట్లే.

ఆ విషయమేమన, వెబ్‌సైటులందు మనము ప్రకటించు వ్రాతలు ఫేసుబుక్కు, వాట్సాపు మొదలగు వానిద్వారా పదుగురికి చేరవలెనన్న, వాని నెట్లు సిద్ధపఱచవలయు ననునది. ఇది పట్టణపు వర్తకుల విద్య యని త్రోసిపుచ్చవలదు. నేడు గ్రామ గ్రంథాలయములకు, పాడి సంఘములకు, దేవాలయములకు, పూర్వవిద్యార్థుల సంఘములకు సైతము వెబ్‌సైటు లేర్పడుచున్నవి. పుటలు నిండుచున్నవి, చదువువారు మాత్రము తఱచుగా కానరారు. వ్రాసినవారు జనులకు శ్రద్ధలేదని వగతురు. నా యభిప్రాయమున తప్పు చాలవఱకు జనులది కాదు.

ఒక యుదాహరణము కల్పించి చెప్పెదను. ఒక సహకార సంఘమువారు విత్తనముల పంపకమును గూర్చి ప్రకటన చేసిరనుకొనుడు. దాని శీర్షిక ‘పాలకవర్గ సమావేశ తీర్మానముల ప్రకటన’ అని యుండును. మొదటి పేరాలో అధ్యక్షుని పేరు, వేదిక నలంకరించినవారి పేర్లు, జ్యోతిప్రజ్వలనము. విత్తనముల ముచ్చట అయిదవ పేరాలో వచ్చును. ఒక రైతు ఈ పుట చిరునామాను తన బావమఱదికి పంపెను. ఆ బావమఱది సెల్లుఫోనులో కనబడున దేమి? పుట యంతయు కాదు. ఒక చిన్న బొమ్మ, ఒక శీర్షిక, క్రింద ఒకటి రెండు పంక్తులు, అంతియే. 2010వ సంవత్సరమున ఫేసుబుక్కువారు ‘ఓపెన్ గ్రాఫ్’ అను నొక యేర్పాటును ప్రవేశపెట్టిరి. శీర్షిక యిది, బొమ్మ యిది, సారాంశ మిది యని పుటను కట్టువాడు పాఠకుని కంటికి కానరాని విధమున పుటలోనే వ్రాసిపెట్టును. ఎవరైన పంపినప్పుడు అవియే యొక చీటివలె కనబడును. వాట్సాపును దానినే చదువును. వ్రాసిపెట్టనిచో యంత్రము తనకు దొరికినదేదో పెట్టును, లేదా వట్టి చిరునామాయే నిలుచును. బావమఱది దానిని చూచి, వ్రేలు జరిపి, ముందుకు పోవును. అదే శీర్షిక ‘వేరుసెనగ విత్తులు సోమవారమునుండి, పట్టాదారు పాసుపుస్తకము తెండు’ అని యున్నచో, ఆతడు పుటను తెఱవకయే మఱి నలుగురికి పంపును. తెఱవకయే పంపుట మంచిదా యని మీరడుగవచ్చును. మంచిది కాదు. కాని జనులు చేయుచున్నది తఱచుగా అదియే గనుక, ఆ చీటియే సత్యమును పూర్తిగా చెప్పునట్లుండవలయును.

ఇక జనులు ఏల పంచుకొందురు? జోనా బెర్గర్, కాథరిన్ మిల్క్‌మన్ అను ఇరువురు అమెరికా ఆచార్యులు న్యూయార్కు టైమ్సు పత్రికలోని సుమారు 7,000 వ్యాసములను పరిశీలించి, పాఠకులు వేనిని ఎక్కువగా ఇతరులకు పంపిరో 2012లో ప్రకటించిరి. ఆశ్చర్యము గొలుపునవి, కోపమును ఆందోళనమును రేపునవి ఎక్కువగా సాగినవి. దుఃఖము కలిగించునవి తక్కువగా సాగినవి. దుఃఖము మనుష్యుని కూలబెట్టును, కోపము లేపి నిలబెట్టును. లేచినవాడే కదా నడచును! నిత్యజీవనమునకు పనికివచ్చు సంగతులును బాగుగనే సాగినవని వారు కనుగొనిరి. సంఘములకు, గ్రంథాలయములకు కావలసినది ఈ కడపటి మాటయే. విత్తుల తేదీ తెలిపినవాడు బావమఱదికి ఉపకారము చేసినవాడగును; ఆ గౌరవము కొఱకైనను పంపును.

చేయుటకు సులువైన పనిని చూపిన వ్రాత మఱింత వేగముగా సాగును. 2014వ సంవత్సరపు వేసవిలో అమెరికాయందు ఏ.ఎల్.ఎస్. అను నరముల వ్యాధి పరిశోధన కొఱకు, తలపై మంచునీరు కుమ్మరించుకొని, తరువాత ఎవరు చేయవలెనో పేర్లు చెప్పు వేడుక యొకటి బయలుదేరెను. పేరు పిలువబడినవాడు ఊరకుండలేడు. ఆ పిలుపే దాని బలము. ఆ వ్యాధి సంఘమునకు 11 కోట్ల 50 లక్షల డాలర్లు చేరెను. ఆ ఆగస్టునందే హైదరాబాదులో మంజులతా కళానిధి యను పత్రికారచయిత్రి దానిని మన నాటికి తగినట్లు మార్చిరి: ఒక బక్కెటెడు బియ్యమును లేనివారికిచ్చి, ఆ ఛాయాచిత్రమును ఫేసుబుక్కునందు పంచుడని. నీటి నుండి బియ్యమునకు మాఱిన దంతియే. తక్కిన పద్ధతి యంతయు అదియే. అనేకులు పాటించిరి.

అయితే ఈ దారిన మంచి యొక్కటియే నడవదు. ట్విట్టరునందు 2006 మొదలు 2017 వఱకు వ్యాపించిన సుమారు 1,26,000 కథనములను మసాచుసెట్సులోని పరిశోధకులు పరిశీలించిరి. నిజముకన్న అబద్ధము తిరిగి పంపబడుటకు నూటికి డెబ్బదిపాళ్లు ఎక్కువ అవకాశము గలదని 2018లో వారు ప్రకటించిరి. ఆ 2018లోనే పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి మన దేశమున వాట్సాపులో పాకెను. జూలైలో హైదరాబాదునుండి బీదరు జిల్లాకు పోయిన యొక యువకుడు ఇట్టి వదంతివలననే మూకచేత హతుడయ్యెను. ఆ నెలలోనే వాట్సాపువారు మన దేశమున ఒక వార్తను ఒకమారు అయిదు చోట్లకు మించి పంపరాదని కట్టడిచేసిరి. 2020 ఏప్రిలున, పెక్కు చేతులు మాఱిన వార్తను ఒకమారు ఒక్క చోటికే పంపవలెనని బిగించిరి.

2018లో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. వారు పోలీసులను పల్లెలకు పంపిరి. జానపద గాయకులచేత డప్పుతో పాటలు పాడించి, వదంతులను నమ్మవలదని చెప్పించిరి. అబద్ధము బొమ్మతో, భయముతో వచ్చినప్పుడు, నిజము పాటతో వచ్చెను. నిజమును నీరసముగా వ్రాసి, తాఖీదులో దాచిపెట్టి, అబద్ధమును నిందించి ప్రయోజన మేమి?

కావున శీర్షిక చక్కగా నుండవలెను, బొమ్మ స్పష్టముగా నుండవలెను. వీనితోపాటు తేదీ, ఊరి పేరు, సంవత్సరముతో సహా, ఆ బొమ్మమీదనే ఉండవలెను. ఏలన బొమ్మ పుటను విడిచి ఒంటరిగా ఊళ్లు తిరుగును. ‘రక్తము అత్యవసరముగా కావలెను’ అని తేదీలేక బయలుదేరిన వార్త, రోగి కోలుకొని యింటికి పోయిన పిమ్మటను తిరుగుచునే యుండును; ఆ యింటివారి ఫోను మ్రోగుచునే యుండును. పని ముగిసిన వెంటనే పుటలో ‘ముగిసినది’ అని వ్రాయుటయు మఱువరాదు. ‘పదిమందికి పంపనిచో కీడు కలుగును’ అను బెదరింపు మాత్రము ఎన్నడును వలదు. అది సాగును గాని, పంపినవానికి నమ్మకము మిగులదు.

నాకు నియమింపబడిన కాలము ముగియవచ్చినది. ప్రకటించుటకు ముందు మీరు చేయదగిన పరీక్ష యొకటి గలదు. పుట చిరునామాను మనుమరాలికో, ప్రక్కింటివారికో పంపి, తెఱవకయే తమకేమి తెలిసినదో చెప్పుమనుడు. ఏ దినము, ఏ చోటు, ఏమి తేవలెను అను మూడింటిని వారు చెప్పగలిగిరా, పుటను ఊరిలోనికి విడువుడు. చెప్పలేనిచో శీర్షికను మరల వ్రాయుడు.