ఆస్పత్రి డ్యూటీ, మన ఇల్లు, కరోనా

(సమాఖ్య వార్షికోత్సవం సందర్భంగా షోలాపూర్‌లో జరిగిన మహిళా సదస్సులో ఒక సీనియర్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ప్రసంగాల అలవాటు లేదు. ఇంజక్షన్ ఇయ్యమంటే ఇస్తాను గాని మైకు పట్టుకుంటే చెయ్యి వణుకుతది. తప్పులుంటే మీ ఇంటి ఆడబిడ్డ మాట అనుకొని క్షమించండి.

ఈ విషయం నేను ఎంచుకున్నది కాదు. పోయిన ఏడాది మా వాడకట్టు వదిన ఒకామె కూతుర్ని వెంటబెట్టుకొని మా ఇంటికొచ్చింది. పిల్లకు నర్సింగులో సీటు వచ్చింది. ఇంట్లో నాయనమ్మ ఒప్పుకోవడం లేదు. "కరోనాల నర్సులు ఎట్లయిన్రో చూసినం గద. మగ్గం పాయె, బీడీలు పోతున్నయి, ఇప్పుడు పిల్లను గూడ పోగొట్టుకోవాల్నా?" అంటున్నదట. వదిన నన్ను ఒకటే అడిగింది: "ప్రమాదం ఉన్నదా లేదా? ఉన్నదున్నట్టు చెప్పు."

ఉన్నది. ఉన్నదని ఆమెకు కూడా చెప్పాను. అయితే మనం అనుకునే చోట కాదు. ఆ సంగతే ఇవాళ చెప్తాను.

మనందరి మనసులో ఉన్న బొమ్మ ఏమిటి? ఐసీయూలో వెంటిలేటర్ పక్కన, తెల్ల సూటు తొడుక్కున్న నర్సు. అందరికంటే ఆమెకే ఎక్కువ అంటుకుంటుందని అనుకుంటాం. 2020 ఫిబ్రవరిలో చైనాలోని వుహాన్ నుంచి ఒక ఆస్పత్రి లెక్క బయటికొచ్చింది. 138 మంది కరోనా రోగుల్లో 40 మంది ఆస్పత్రి సిబ్బందే. ఆ 40 మందిలో ఐసీయూ వాళ్ళు ఇద్దరు, ఎమర్జెన్సీ వాళ్ళు 7 మంది, మిగిలిన 31 మందీ మామూలు వార్డుల వాళ్ళు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, జ్వరం గిరం ఏమీ లేకుండా డ్యూటీ చేస్తున్న 500 మందికి పైగా సిబ్బంది రక్తం పరీక్ష చేశారు. అప్పటికే తెలియకుండా వచ్చిపోయినట్టు తేలినవాళ్ళు ఐసీయూలో నూటికి 15 మంది కూడా లేరు. ఊడ్చి తుడిచే హౌస్‌కీపింగ్ వాళ్ళలో మాత్రం నూటికి 34 దాటింది.

ఎందుకట్ల? ఈ జబ్బు లక్షణాలు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు, తర్వాత కొద్ది రోజులు బాగా అంటుకుంటుంది. ఐసీయూకు వచ్చే మనిషి చాలావరకు ఆ రోజులు దాటినాకనే వస్తాడు. అక్కడ అందరూ భయపడుతూ, కట్టుదిట్టంగా తయారై ఉంటారు. కాలు విరిగిందనో, కడుపునొప్పి అనో జనరల్ వార్డులో పడుకున్నవాని మీద ఎవరికీ అనుమానం ఉండదు. నర్సు మామూలు మాస్కుతోనే బీపీ చూస్తది, వార్డుబాయ్ ఎత్తి కూర్చోబెడతడు, ఆయమ్మ బెడ్‌ప్యాన్ తీస్తది.

నాకు అట్లనే వచ్చింది. 2020 జూన్. నేను కోవిడ్ వార్డులో లేను, ఆడవాళ్ళ జనరల్ వార్డులో ఉన్నాను. ఒక పేషెంటు పిత్తాశయంలో రాళ్ళని వచ్చింది. ఐదో రోజు జ్వరం, ఆరో రోజు పాజిటివ్. ఆ వారంలోనే మేం ముగ్గురు నర్సులం, ఒక ఆయమ్మ పడ్డాం. మా వార్డుకు ఎన్95 మాస్కులు కావాలని అంతకు పదిరోజుల ముందే అడిగినం. కోవిడ్ వార్డుకు ముందు ఇయ్యాలె, మీకేం అవసరం అన్నారు. వాళ్ళ దగ్గర కూడా తక్కువే ఉండె, అది నిజం. కాని ఆ ఆయమ్మకు మామూలు సర్జికల్ మాస్కు కూడా రోజుకొకటి ఇచ్చేవాళ్ళు కాదు. అది మాత్రం సరుకు లేక కాదు.

ఇంకో సంగతి. రోగి దగ్గర ఉన్నంతసేపు మేం జాగ్రత్తగానే ఉండేవాళ్ళం. తర్వాత ఏడుగురం చిన్న చేంజింగ్ రూములో మాస్కులు తీసి, కిటికీ మూసుకొని, చాయ్ తాగేవాళ్ళం. ఎన్ని ఆస్పత్రుల్లో ఈ చాయ్ దగ్గరే అంటుకున్నదో!

ఇక మాస్కుల మాట. ఇది మన కులవృత్తి విషయం కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి. లాక్‌డౌన్‌లో కార్ఖానాలు బందయినప్పుడు మన ఆడవాళ్ళు ఇంట్లో మిషన్ మీద కాటన్ మాస్కులు కుట్టి, మూటలు గట్టి ఆస్పత్రులకు పంపిన్రు. మా అమ్మ కూడా కుట్టింది. ఆ మూట చూసి నాకు ఏడుపొచ్చింది. కాని వాటిని నేను వార్డులో పెట్టుకోలేదు, అమ్మకు ఆ సంగతి చాలా రోజులు చెప్పలేదు.

మన బట్టకు పడుగు, పేక ఉంటాయి. ఎంత దగ్గరగా కొట్టినా పోగుకూ పోగుకూ నడుమ సందు ఉంటది. ఎన్95 లోపలి పొర నేసింది కాదు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను కరగబెట్టి, వేడిగాలితో వెంట్రుక కంటే సన్నని పోగులుగా ఊది, గజిబిజిగా ఒకదాని మీద ఒకటి పడేటట్టు చేస్తారు. దానికి కరెంటు చార్జి ఎక్కిస్తారు. చలికాలం టెరిలిన్ చీర విప్పుతుంటే చిటపటమని చేతి వెంట్రుకలు లేస్తాయి చూడండి, అట్లాంటిదే. ఆ చార్జే సన్నని తుంపరలను లాగి పట్టుకుంటది. సబ్బునీళ్ళలో ఉతికితే చార్జి పోతది, మాస్కు చూడ్డానికి మాత్రం కొత్తదానిలెక్కనే ఉంటది.

వియత్నాంలోని హనోయ్‌లో 14 ఆస్పత్రుల్లో 1,607 మంది సిబ్బందితో చేసిన పరీక్ష ఫలితం 2015లోనే వచ్చింది. అది కరోనాకు ముందటిది, జలుబు జ్వరాల మీద చేసింది. రెండు పొరల కాటన్ మాస్కు పెట్టుకున్నవాళ్ళకు సర్జికల్ మాస్కు వాళ్ళకంటే ఎక్కువ జబ్బు చేసింది. వాళ్ళే 2020లో ఆ లెక్కలు మళ్ళీ తీసి చూశారు. గుడ్డమాస్కును ఆస్పత్రి లాండ్రీలో ఉతికించినవాళ్ళకు సర్జికల్ మాస్కు వాళ్ళంత రక్షణే దొరికింది. ఇంటికి తీసుకపోయి చేత్తో ఉతుక్కున్నవాళ్ళకే నష్టం. అంటే మనవాళ్ళు కుట్టినవి బజారుకు, రేషన్ లైనుకు పనికొచ్చినయి, వార్డుకు కాదు. అమ్మా, ఇప్పుడు చెప్తున్నా, కోపం చేయకు.

పీపీఈ సూట్ల సంగతీ అంతే. 2020 మార్చిలో మన దేశంలో ఇవి తయారుచేసేవాళ్ళు దాదాపు లేరు. మే నెలకు రోజుకు నాలుగున్నర లక్షలకు పెరిగింది. బట్టను కోయంబత్తూరులో సిట్రా సంస్థ పరీక్ష చేసేది, ఒత్తిడి పెట్టి కృత్రిమ రక్తాన్ని దాని మీదికి పంపి లోపలికి దిగుతదా లేదా చూసేది. బట్ట ఎంత మంచిదైనా కుట్టు దగ్గర సూది రంధ్రాలు ఉంటాయి గదా, అందుకే కుట్ల మీద టేపు అతికిస్తారు. మన ఊర్లో ఇన్ని మగ్గాలు, ఇన్ని మిషన్లు ఉండి ఆ పని మనకు ఎక్కువ రాలేదని నాకు ఇప్పటికీ బాధే.

ఇక ఇంటి విషయం. నాకు పాజిటివ్ అని తెలియగానే ఇంటికి పోలేదు, క్వారంటైన్‌కు పోయిన. కాని తెలియక ముందు మూడు రోజులు ఇంట్లోనే ఉన్నాను. రెండు గదుల ఇల్లు, ఆరుగురం. నాయనకు తొమ్మిదో రోజు జ్వరమొచ్చింది. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చిండు గాని మళ్ళా మగ్గం దగ్గర నిలబడలేదు. మెట్లెక్కితే ఆయాసం. ముప్పై ఏండ్లు దూదిధూళి మింగిన ఊపిరితిత్తులు అవి. నా వల్లనే వచ్చిందా అంటే, ఆయన "రేషన్ దుకాణంల అంటుకున్నది బిడ్డా" అంటడు. నేనూ అదే అంటాను. ఇద్దరికీ తెలుసు.

స్కాట్లాండులో ఆ ఏడాది మార్చి నుంచి జూన్ దాకా లెక్క తీశారు. రోగుల దగ్గర పనిచేసే సిబ్బందికి కరోనాతో ఆస్పత్రిలో చేరే ప్రమాదం, రోగులతో పని లేని సిబ్బందికంటే మూడింతలకు పైగా ఉన్నది. వాళ్ళ ఇంట్లోవాళ్ళకు కూడా దాదాపు రెండింతలు. నాయనమ్మ భయం వట్టి భయం కాదని వదినకు ఇది కూడా చెప్పిన.

తర్వాత టీకా వచ్చింది. 2021 జనవరి 16న మొదలైంది, ముందు మాకే వేశారు. మనవాళ్ళు చాలామంది వైద్యానికి పోయే వేలూరు సీఎంసీ ఆస్పత్రి, సెకండ్ వేవ్‌లో తన సిబ్బంది లెక్కలు తీసింది. రెండు డోసులు తీసుకున్నవాళ్ళకు జబ్బు రాకుండా 65 శాతం, ఆక్సిజన్ దాకా పోకుండా 92 శాతం రక్షణ దొరికిందని తేలింది. టీకా వేసుకున్నా జ్వరాలొచ్చినయి, నాకూ మళ్ళా వచ్చింది. నాలుగు రోజులు పండుకొని లేచిన.

ఇంకొక్క మాట, ముఖ్యంగా కాంట్రాక్టు మీద పనిచేసే మన పిల్లల కోసం. సర్కారు 2020లో పెట్టిన 50 లక్షల బీమాలో కాంట్రాక్టు, ఔట్‌సోర్స్ వాళ్ళు కూడా ఉండిరి. అయితే అది ప్రాణం పోతేనే, అదీ కోవిడ్ రోగుల పనిలో ఉన్నట్టు ఆస్పత్రి కాగితం రాసిస్తేనే. జనరల్ వార్డు ఆయమ్మకు ఆ కాగితం ఎవరు రాస్తారు? అందుకే ఎక్కడ చేరినా అపాయింట్‌మెంట్ లెటర్ అడగండి, డ్యూటీ చార్టు ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. హెపటైటిస్-బి టీకా వేస్తారా, జ్వరమొస్తే జీతం కోయకుండా సెలవిస్తారా అని చేరే రోజే అడగండి. జీతం కోస్తారని జ్వరంతో డ్యూటీకి వచ్చినవాళ్ళను నేను కళ్ళారా చూసిన.

ఎన్95 ముఖానికి ఎట్ల పట్టాలె, పక్కల గాలి పోతున్నదా ఎట్ల చూసుకోవాలె, విప్పేటప్పుడు ముందు గ్లవ్స్ తీసి, చెయ్యి కడిగి, మాస్కు ఆఖరున ఎట్ల తీయాలె అన్నది భోజనాల తర్వాత పక్క గదిలో చేసి చూపిస్తాను. నర్సింగు, ల్యాబ్ చదివే పిల్లలు తప్పక రండి.

ఆ వదిన కూతురు నర్సింగులో చేరింది. వాళ్ళ నాయనమ్మ నాతో ఇంకా మాట్లాడటం లేదు. అదిగో, మూడో వరుసల కూర్చున్నది. కిందికి దిగినంక ముందు ఆమె దగ్గరికే పోతాను.