ఖాళీ అనగా నేమి?
(జైలు వార్డరు చేతి తుపాకినిగూర్చి ప్రసంగము)

పత్తికాలమున భైంసా మార్కెట్టు యార్డునకు పోయి కొంతసేపు నిలిచినచో ఒక సంగతి మన కంటబడును. సరుకుతో వచ్చిన బండిని ముందు కాంటామీద తూచుదురు. పత్తి దించిన పిదప అదే బండిని మరల తూచుదురు. “బండి ఖాళీ” అని తోలువాడు చెప్పినంతమాత్రమున ఎవ్వరును లెక్క వ్రాసికొనరు. వానిమీద నమ్మకము లేక కాదు. ఖాళీ అనునది చెప్పవలసిన సంగతి కాదు, చూడవలసిన సంగతి అని వ్యాపారము మనకు నేర్పినది. తుపాకి పట్టువానికి ఇంతకంటె ముఖ్యమైన పాఠము వేరొకటి లేదు.

మన ఊళ్ళనుండి జైళ్ళశాఖలో వార్డర్లుగా చేరుచున్న యువకులున్నారు. తెలంగాణలో వీరికి హైదరాబాదు చంచల్‌గూడలోని కరెక్షనల్ అడ్మినిస్ట్రేషన్ సంస్థయందు శిక్షణ యిత్తురు. పొలములో నాగలి, దుకాణములో త్రాసు పట్టిన చేతికి అచ్చట తుపాకి వచ్చును. వారి తల్లిదండ్రులును ఈ ప్రసంగము వినుచుండవచ్చును. ఆ ఆయుధము యొక్క భాగములకు గల పేళ్ళను, దానివలన కీడు కలుగకుండ మెలగు పద్ధతిని గూర్చి కొంత చెప్పుకొందము.

మొదట పేళ్ళు. భైంసా బజారున తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడును వినబడును. మన తుపాకి తక్కిన యిద్దరికి బందూకు. మన తూటా ఉర్దూలో కార్తూసు, మరాఠీలో కాడతూసు. ఇక “మందు” అన్నచో అది వైద్యుడిచ్చినదో, తుపాకిలో పోసినదో సందర్భమునుబట్టి తెలిసికొనవలెను. బజారులో ఇట్టి చిక్కు నవ్వుతో తీరును. ఆయుధాగారమున తీరదు. అచ్చట ఒక వస్తువునకు ఒకే పేరుండవలెను. చెప్పువాడును వినువాడును ఒకే వస్తువును తలపవలెను.

తూటా అనగా గుండు మాత్రమే కాదు. నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి తొడుగు, దాని అడుగున దెబ్బ తగిలిన నిప్పు పుట్టించు చిన్న క్యాపు, లోపల మందు, కొనయందు గుండు. ట్రిగ్గరు నొక్కగా ఒక సూది క్యాపును కొట్టును. నిప్పు మందునకు అంటును. మందు కాలి పుట్టిన వాయువు గుండును ముందునకు నెట్టును. ఎగిరిపోవునది గుండు, మిగులునది తొడుగు. అందుచేతనే అభ్యాసము ముగియగానే ఇచ్చిన తూటాలెన్ని, కాలిన తొడుగులెన్ని, కాలకుండ మిగిలిన తూటాలెన్ని అని లెక్క సరిచూతురు.

తుపాకిలో గుండు వెలువడు కొన మూతి. భుజమున కానించు భాగమును ఉర్దూలో కుందా అందురు. శిక్షణలో బట్టు అందురు. గొట్టము మొదట తూటా కూర్చుండు గది ఛాంబరు. తూటాల పెట్టె మ్యాగజీను. గదిని మూయుచు తెరచుచు నుండు ఉక్కు గడియ బోల్టు. ఈ పేళ్ళు తెలిసిన పిదపనే “ఖాళీ” అను మాటకు అర్థము తెలియును. ఏలయనగా ఆయుధము మారినచో ఆ అర్థమును మారుచున్నది.

బ్రిటిషువారి కాలమున మన దేశపు జైలు కావలివారికిని పోలీసులకును .410 మస్కెట్టు ఇచ్చెడివారు. అది .303 రైఫిలును మార్చి చేసినది. దానిలో మ్యాగజీను పనిచేయదు. ఒక్కమారునకు ఒక్క తూటాయే. బోల్టు వెనుకకు లాగి గది చూచినచో సందేహము తీరును. త్రీనాట్‌త్రీ అని అందరు నెరిగిన .303 రైఫిలు మ్యాగజీనులో 10 తూటాలు పట్టును. గదిలోని తూటాను తీసి, మ్యాగజీను సంగతి మరచి, బోల్టును ముందునకు త్రోసినచో మరియొక తూటా గదిలోనికి ఎక్కును. ఖాళీ చేసితినని నమ్మినవాడే తిరిగి నింపినవాడగును! తరువాత వచ్చిన 7.62 ఎస్.ఎల్.ఆర్. యందు 20 పట్టును; ఒకటి పేలగనే మరియొకటి తనంత తానే గదిలో చేరును. అప్పుడు మ్యాగజీను ఊడదీసినను గదిలోని తూటా గదిలోనే యుండును.

కావున వరుస తప్పరాదు. మూతిని ఎవ్వరును లేని దిక్కునకు త్రిప్పి యుంచవలెను. వ్రేలు ట్రిగ్గరునకు తాకరాదు. మొదట మ్యాగజీను తీయవలెను, పిదప బోల్టు లాగి గదిలోనిది వెలికి తీయవలెను, కంటితో చూడవలెను, చీకటియైనచో వ్రేలితో తడవి చూడవలెను. తుపాకి చేయి మారిన ప్రతిసారి పుచ్చుకొన్నవాడును చూడవలెను. ఇచ్చినవాడు అన్నగారైనను, అధికారియైనను సరియే. ఇందు అవమాన మేమియు లేదు. పోలీసు కవాతులో “భర్”, “ఖాళీ కర్”, “జాంచ్ శస్త్ర్” అను హిందీ ఆజ్ఞలు కలవు. ఖాళీ చేయుమనిన పిదప మరల పరీక్ష యెందుకు? మొదటి ఆజ్ఞ నెరవేరెనా యని చూచుటకే.

సేఫ్టీ క్యాచ్ వేసితిమని మూతిని మనుష్యులవైపు త్రిప్పరాదు. అదియు ఒక యంత్రభాగమే, చెడవచ్చును. ట్రిగ్గరు నొక్కినను తూటా పేలనిచో వెంటనే బోల్టు తెరువరాదు. మందు ఆలస్యముగా అంటుకొనవచ్చును. మూతిని కదపక కనీసము అరనిమిషము ఆగవలెను. గురిచూచునపుడు గురి వెనుక నేమున్నదో తెలియవలెను. రైఫిలు గుండు రెండు కిలోమీటర్లకు పైగా పోగలదు. జైలు గోడ కావల ఊరున్నది.

జైలునందు ఇంకొక నియమము కలదు. 1955లో జెనీవాలో రూపొంది, 2015లో సవరింపబడి, 27 సంవత్సరములు చెరలో గడిపిన నెల్సన్ మండేలా పేర వెలసిన ఐక్యరాజ్యసమితి నియమములు ఇట్లు చెప్పుచున్నవి: విశేష పరిస్థితులలో తప్ప ఖైదీల నడుమ పనిచేయు సిబ్బందికి ఆయుధ ముండరాదు; శిక్షణ పొందనివానికి ఎట్టి పరిస్థితిలోను ఆయుధ మీయరాదు. ఇది దయ మాత్రమే కాదు, తెలివియు. పదిమంది నడుమ తుపాకి పట్టినవానికి ఆ తుపాకియే అపాయము. ఒకడు లాగుకొన్నచో అందరి ప్రాణములును వాని చేతిలో నుండును. అందుచేతనే లోపలికి పోవు వార్డరు తుపాకిని బయట నప్పగించి పోవలెను.

ఆయుధముచూచి బెదరిన బజారువాడు సందులోనికి పరుగెత్తగలడు. ఖైదీకి పరుగెత్తు దారి లేదు. అతనికి శిక్ష విధించునది న్యాయస్థానము. కొందరికి విచారణయే ముగిసియుండదు. ఒక వార్డరు మరపు అతనికి మరణము కారాదు. ఆ మరపు తోటి వార్డరును బలిగొన్నను అంతే. గడియారము వెనుకకు తిరుగదు.

మన పిల్లవాడు శిక్షణ ముగించి సెలవులకు వచ్చినపుడు ఎన్ని గుండ్లు గురి తగిలినవని అడుగుట సహజము. దానితోపాటు ఇంకొకటియు అడుగుదము: “తుపాకి అప్పగించునపుడు నీవే తెరచి చూచితివా?” అతడు “ఖాళీయే” అనినచో ఇంకను నేర్వవలసినది కొంత మిగిలియున్నది. “చూచితిని” అనినచో ఆ తల్లిదండ్రులు నిశ్చింతగా నిద్రింపవచ్చును.