తోబుట్టువుల తగవు – ఇంట్లో పెద్దవాళ్ళు



బడిపిల్లల చేత నవలలు చదివించడమే జీవితంగా బతికిన మాస్టారి పేరున జరుగుతున్న సభ ఇది. అందుకే పిల్లల నవలల్లో తోబుట్టువుల పోరు గురించి మాట్లాడదామనుకున్నాను. నేను చెప్పబోయేవన్నీ అమెరికా నవలలే. పిల్లలు కొట్టుకున్నాక ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేశారన్నదే నేను చూస్తూ వచ్చాను.

లూయిసా మే ఆల్కాట్ ‘లిటిల్ విమెన్’ మొదటి భాగం 1868లో వచ్చింది. నాటకానికి తనను తీసుకెళ్ళలేదన్న ఉక్రోషంతో ఎమీ, అక్క జో ఏళ్ళ తరబడి రాసుకున్న కథల పుస్తకాన్ని మంటల్లో వేసేస్తుంది. దానికి వేరే ప్రతి లేదు. జో మాట్లాడడం మానేస్తుంది. నది మీద గడ్డకట్టిన మంచు నడుమ పలచగా ఉందని తెలిసి కూడా, వెనకే వస్తున్న చెల్లెలికి చెప్పదు. మంచు విరిగి ఎమీ నీళ్ళలో పడుతుంది. పిల్ల బతికి బయటపడ్డాక జో అమ్మ దగ్గర కూర్చుని ఏడుస్తుంది. ఆ తల్లి తిట్టదు. తనకూ దాదాపు రోజూ కోపం వస్తుందనీ, నలభై ఏళ్ళుగా దాన్ని అణచుకోవడమే సరిపోతోందనీ చెబుతుంది. ఆ రోజుల్లో ఒక తల్లి చేత ఆ మాట అనిపించడానికి ఎంత ధైర్యం కావాలి!

ఎమీకి మూలం రచయిత్రి సొంత చెల్లెలు మే. మొదటి ముద్రణకు బొమ్మలు గీసింది ఆవిడే. తన మీది ఫిర్యాదుకు తానే బొమ్మలు వేసిపెట్టిందన్నమాట. 1879లో పసిబిడ్డను వదిలి మే కన్నుమూస్తే, ఆ బిడ్డను పెంచింది లూయిసా.

1955 నాటి ‘బీజస్ అండ్ రమోనా’లో బెవర్లీ క్లియరీ ఇంకో అడుగు వేశారు. అక్క పుట్టినరోజు కేకు కాలుతుంటే నాలుగేళ్ళ రమోనా అదే అవెన్‌లో తన బొమ్మను పెట్టేస్తుంది. ఒక్కోసారి చెల్లెలంటే ప్రేమే కలగడం లేదని బీజస్ నోరు జారితే, అమ్మా పిన్నీ తమ చిన్ననాటి కొట్లాటలు తలుచుకుని పడీపడీ నవ్వుతారు. ఎప్పుడూ ప్రేమ ఉండి తీరాలని లేదంటారు. ఇంతా రాసిన క్లియరీకి తోబుట్టువులే లేరు!

1972లో జూడీ బ్లూమ్ నవల వచ్చేసరికి, తమ్ముడు తాబేలును మింగితే అందరి కంగారూ తమ్ముడి గురించే. తాబేలు పోగొట్టుకున్న అన్న గోడు అప్పటికి పట్టించుకునేవారు లేరు. అక్కడది హాస్యం.

1980లో క్యాథరిన్ ప్యాటర్సన్ ‘జేకబ్ హావ్ ఐ లవ్డ్’లో అదే గాయం. మరుసటి ఏడాది న్యూబరీ పతకం పొందిన నవల ఇది. కవలల్లో రెండోది కారొలైన్ పుట్టగానే ప్రాణం మీదికి వస్తే, ఇల్లంతా దాని చుట్టూ చేరి పెద్దది లూయిస్‌ను బుట్టలో పడుకోబెట్టి మరిచిపోయారు. ఆ ముచ్చట వింటూనే లూయిస్ పెరుగుతుంది. అమ్మానాన్నలు మంచివాళ్ళే, కానీ గమనించరు. నానమ్మయితే బైబిల్లోని కవలలు యాకోబు, ఏశావుల ప్రస్తావన తెచ్చి పుండు మీద కారం చల్లుతుంది. ఏళ్ళ తరవాత దూరపు కొండ ఊళ్ళో పురుడు పోస్తూ, కవలల్లో బలహీనమైన రెండో బిడ్డను కాపాడే హడావిడిలో లూయిస్ కూడా మొదటి బిడ్డను మరిచిపోతుంది. చటుక్కున గుర్తొచ్చి, వాణ్ణి ఎత్తుకోమని ఇంట్లోవాళ్ళకు చెబుతుంది.

కారొలైన్‌తో మాత్రం ఆ తగవు తీరినట్టు ప్యాటర్సన్ రాయలేదు. రాయకపోవడమే నాకు నచ్చింది.