అనూరుని కోపము



ప్రాతఃకాలమున మనము అర్ఘ్యమిచ్చునది సూర్యభగవానునకే యైనను, ఆయనకంటె ముందుగా తూర్పున తోచువాడు సారథియైన అరుణుడు. ఆయనకే అనూరుడని మరియొక పేరు. ఊరువులు, అనగా తొడలు, లేనివాడని అర్థము.

ఆయన జన్మకథ భారతమున ఆదిపర్వములో కలదు. కద్రువ గ్రుడ్లు పగిలి పాములు పుట్టినవి. తన గ్రుడ్లు ఇంకను పగులలేదని వినత తొందరపడి ఒకదానిని చిదిమెను. పై దేహము మాత్రమే ఏర్పడిన బిడ్డ వెలువడెను. ఆ బిడ్డ పలికిన మొదటి పలుకేమి? తల్లికి శాపము! సవతికి దాసివి కమ్మనెను. పురాణము చెప్పువారు ఈ ఘట్టమును త్వరగా దాటించి గరుత్మంతుని యొద్దకు పోవుదురు. మేము ఇచ్చట కొంచెము నిలువదలచితిమి. వ్యాసులవారు ఆ కోపమును దాచలేదు. పైగా శపించిన ఆ నోటితోనే, రెండవ గ్రుడ్డును పదిలముగా కాపాడుకొనుము, అందుండి పుట్టువాడు నీ దాస్యము మాన్పునని అరుణుడు తల్లికి దారియు చూపెను.

మన పల్లెలలో అంగవైకల్యముగల పదునాలుగు, పదునారేండ్ల పిల్లలలో ఇట్టి కోపమునే చూచుచున్నాము. పిలిచిన పలుకడు, కంచము త్రోసివేయును. వీనికి పొగరందురు. వాని దినమెట్లు గడచునో ఆలోచించితిరా? ఈడువారు సైకిళ్ళపై పొరుగూరి ఉన్నతపాఠశాలకు పోవుదురు. వాడు అరుగుమీద మిగులును. అక్కకు పెళ్ళిచూపులన్నచో వానిని పెరటి గదిలో కూర్చుండబెట్టి తలుపు దగ్గరగా వేయుదురు. ఆడపిల్ల యైనచో, బడిలో తనకు వీలైన మరుగుదొడ్డి లేక ఉదయమునుండి నీరు త్రాగదు. ఆ సంగతి ఎవరికిని చెప్పుకొనదు.

ఇది చాలదన్నట్లు, పూర్వజన్మ పాపమని ముఖముమీదనే అందురు. కర్మసిద్ధాంతము ఎవరి నడవడిని వారు దిద్దుకొనుటకు చెప్పబడినదే కాని, ఎదుటి పసివాని నొసట వ్రాయుటకు కాదు. అనూరుని లోపమునకు కారణము తల్లి తొందర. అష్టావక్రుని ఎనిమిది వంకరలకు కారణము తండ్రియగు కహోడుని శాపము. రెండు చోట్లను బిడ్డ పాపమని లేదు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల ఎందరి ఎముకలో వంగిపోయినవి. భూగర్భజలములో ఫ్లోరైడు మితిమీరుటయే అందులకు కారణము. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని నియమము. ఒకే బావి నీరు త్రాగినవారందరును ఒకే పాపము చేసిరా?

ఇక మనస్సు సంగతి. చరకుడు చికిత్సను మూడు విధములుగా చెప్పెను: దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము. మంత్రహోమాదులు మొదటిది, ఔషధాహారములు రెండవది, మనస్సును అహితమునుండి మరల్చుట మూడవది. మొదటిదానితో ఆగిపొమ్మని ఆయన చెప్పలేదు. బిడ్డ నిద్రాహారములు మాని, బ్రతుకుమీద విసుగు పలుకుచున్నచో తాయెత్తు కట్టి ఊరకుండరాదు, వైద్యునికి చూపవలెను. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ కలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాట్లాడుదురు, రుసుము లేదు. చదువునకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము కలదు. నలుబది శాతమునకు తగ్గని వైకల్యముగల బిడ్డకు ఆరునుండి పదునెనిమిదేండ్ల వరకు ఉచితవిద్య అందు హక్కుగా చెప్పబడినది. అది ఎవరును పెట్టు భిక్ష కాదు.

అష్టావక్రుడు సమంగానదిలో మునుగగా అవయవములు చక్కబడెనని అరణ్యపర్వము చెప్పును. సమంగ అందరికిని దొరకదు. అరుణునికి తొడలు ఎన్నటికిని రాలేదు. కావున ఈ పిల్లలకు చెప్పదగినది అరుణుని కథయే యని మా అభిప్రాయము. ఆయనపై ఎవరును జాలిపడి కూర్చుండలేదు. ఏడు గుఱ్ఱముల పగ్గములు చేతికిచ్చిరి.

మీ ఊరి దేవాలయమునకు మెట్ల ప్రక్కన ఒక వాలుదారి కట్టించుడు. అది కట్టువరకు, లోనికి తెచ్చునపుడు "ఎత్తుకొనవచ్చునా నాయనా?" యని వానినే అడుగుడు, వాని తల్లిని కాదు. పదునారేండ్లవానిని మూటవలె మోయరాదు. సంకల్పమున గోత్రనామములు చదువుటయో, అర్చన టిక్కెట్ల లెక్కయో, పారాయణమున ఒక ఆశ్వాసమో వానికి అప్పగింపుడు. తప్పు చదివినచో తక్కిన పిల్లలను దిద్దినట్లే దిద్దుడు.