విల్లిపుత్తూరి బాతులు
(వత్రాప్‌లో యుగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



వేపపూత పచ్చడి తిని, పంచాంగ శ్రవణం ముగించి, భోజనాల పిలుపుకోసం చూస్తున్న మీకు పెద్ద ఉపన్యాసం ఇవ్వడం మా ఉద్దేశం కాదు. ఒకే ఒక పద్యం గురించి నాలుగు మాటలు చెప్పి దిగిపోతాము. ఆ పద్యం మన పొరుగూరిది. ఇక్కడ బస్సెక్కి కృష్ణన్‌కోవిల్ మీదుగా పోతే వచ్చే శ్రీవిల్లిపుత్తూరిలో జరిగిన కథ అది.

1509 మొదలు 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద అనే ఆరు ఆశ్వాసాల కావ్యం వ్రాసినాడని మీరెరుగుదురు. పెరియాళ్వారు, ఆయన పెంచిన గోదాదేవి, అనగా మన ఆండాళ్, ఆ కావ్యానికి ప్రాణం. మొదటి ఆశ్వాసంలో విల్లిపుత్తూరి వర్ణన ఉన్నది. కావ్యమన్నాక పుర వర్ణన ఉండనే ఉంటుంది, అందులో వింత లేదు. కాని ఆ వర్ణన నడుమ ఒక మత్తేభంలో రాయలు బాతులను పెట్టినాడు. మత్తేభమంటే మదపుటేనుగు. ఏనుగు నడకలో బాతును నడిపించడం ఆయనకే చెల్లింది.

పద్యంలోని సంగతి ఇది. తెల్లవారుజాము. వరిమడుల నడుమ కాలువ. అక్కడ బాతులు తలలను రెక్కల ఈకలలో గుచ్చుకొని నిద్రపోతున్నవి. ఊరి తలారులు అటు వచ్చినారు. వారిని రాయలు ఆరెకులు అన్నాడు. బ్రాహ్మణులు వేకువనే స్నానం చేసి, పిండి ఉండచుట్టిన బట్టలను మరచిపోయినారు కాబోలు, పాపం, వారి ఇండ్లకు చేర్చుదామని ఆ తలారులు రేవులోకి దిగినారు. దిగగానే బట్టలు లేచి పరుగెత్తినవి! పొలం కాచే ఆడపిల్లలు చూచి నవ్వినారు. అంతే కథ.

పండితులు దీనిని భ్రాంతిమదలంకారమన్నారు. తలారులే మరచిన బట్టను ఇంటికి చేర్చే రాజ్యంలో ఇక దొంగతనమెక్కడిదని రాయల పాలనను పొగడేవారూ ఉన్నారు. రెండూ సరే. మాకు మాత్రం ముందు బాతే కనబడుతుంది.

ఉండచుట్టిన తడిబట్టను ఒకసారి తలచుకోండి. బాతును బాతని పట్టిచ్చేవి మెడ, ముక్కు. ఆ రెండూ మాయమైతే మిగిలేది నేలమీద ఒక గుండ్రని ముద్ద. అందుకే ఆయన పద్యాన్ని తలతోనే ఎత్తుకొని, మొట్టమొదట దానినే దాచినాడు. కొంగను పెట్టి ఉంటే ఈ పొరపాటు పొసగదు, ఒంటికాలిమీద నిలిచిన కొంగను ఉండచుట్టిన బట్ట అని ఎవరనుకుంటారు? పక్షిని చూచినవాడే ఈ పోలిక కట్టగలడు.

ఇంకొక ముచ్చట. నిద్రించే బాతు నిజానికి తలంతా దాచుకోదు. మెడ వెనుకకు తిప్పి ముక్కును వీపు ఈకలలో దూర్చుతుంది. కన్ను పైననే ఉంటుంది. 1999లో శాస్త్రజ్ఞులు ఒక సంగతి ప్రకటించినారు: వరుసలో చివర పడుకొన్న బాతు బయటివైపు కన్ను తెరచుకొనే నిద్రిస్తుంది, అప్పుడు దాని మెదడులో సగమే నిద్రపోతుంది. తలారులు బాతులను చూస్తున్నామనుకొన్నారు గాని, గట్టుమీది బాతు ఒకటి అప్పటికే వాళ్ళను చూస్తున్నదేమో!

ఆ బాతులు ఎగిరిపోయినవని చెప్పేవారు కలరు. రాయలు వాడిన క్రియ ‘పాఱు’. నీరు పారినట్లు, మనిషి పారిపోయినట్లు. అడవి బాతైతే రెక్క విప్పును. కోతలైన మడులకు మన వైపు మందలుగా తోలుకొని వచ్చే పెంపుడు బాతు అటూ ఇటూ ఊగుతూ పరుగు తీయును. ఆడపిల్లలకు నవ్వు వచ్చింది ఆ పరుగు చూచేనని మేమంటాము. కనుక మేము పెంపుడు బాతుల పక్షము.

ఆండాళ్ తిరుప్పావైలో ముప్పది పాశురాలున్నవి. అక్కడ పక్షులు కూసినా చెలికత్తెలు లేవరు. ఆండాళ్ వాకిట నిలిచి లేపుతుంది. రాయల పద్యంలో మనుషులు స్నానాలు చేసి వెళ్ళిపోయినారు, పక్షులే ఇంకా లేవలేదు. ఆయన ఇది కావాలని త్రిప్పి వ్రాసినాడో లేదో గాని, రెండింటినీ ఎరిగి చదివేవారికి కలిగే సంతోషం వేరు. ఆ రెండు భాషలూ ఇంట్లో ఉన్నవాళ్ళం మనం.

అవి నిజంగా ఉన్నవా అన్నదే మా బెంగ. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, బడిలో తమిళం చదువుతారు. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దానితో మనకు తగవు లేదు. తెలుగు అక్షరం మాత్రం మన ఇండ్లలో తాతల కండ్లద్దాలతో పాటే మూలకు చేరుతున్నది. కిందటి నెల మేము ఈ పద్యాన్ని తమిళ లిపిలో వ్రాసి ఇంటి పిల్లవాడి చేతికిచ్చినాము. ఆ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం గదా. వాడు ‘పాతువులు’ అని చదివి, “పాతబట్టలా తాతా?” అని అడిగినాడు.

ఇంటిల్లిపాదీ నవ్వినాము. నాలుగువందల తొంభై ఏండ్లకు పైబడిన పద్యంలో తలారులు చేసిన పొరపాటునే మావాడు మళ్ళీ చేసినాడు! వాళ్ళను చీకటి మోసగించింది, వీణ్ణి అక్షరం. “వాత్తురా” అని తమిళంలో చెప్పగానే వాడికి తెలిసింది. తరువాత వాడే అడిగినాడు: “కాళ్ళు కనబడలేదా వాళ్ళకు?” మేము బదులు చెప్పలేకపోయినాము. వేదం వేంకటరాయశాస్త్రిగారు ఆ కావ్యానికి గొప్ప వ్యాఖ్య వ్రాసినారు గాని, ఇటువంటి ప్రశ్నకు చెరువుగట్టుకే పోవాలి.

పోదలచినాము. పిళవక్కల్ ఆనకట్ట నీరు తగ్గే ఈ రోజులలో కణ్మాయిలో మిగిలిన మడుగుల చుట్టూ పక్షులు చేరుతవి. ఎల్లుండి తెల్లవారుజామున అయిదు గంటలకు పిల్లలతో బయలుదేరుతున్నాము. పద్యాన్ని తెలుగు అక్షరాలలో పెద్దగా వ్రాసిన కాగితాలు తెస్తాము. రాదలచినవారు ముందుగా పేర్లు చెప్పండి. చెప్పులు చప్పుడు చేయనివి తొడుక్కోండి. టార్చిలైటు మాత్రం దయచేసి వేయకండి.